ఉప్పునీళ్ల శనివారం

ముందు బకెట్ దించండి. తాడు కొసను మణికట్టుకు చుట్టుకోవద్దు, గుప్పిట్లో పట్టుకుంటే చాలు. ఆగస్టు నెలైనా కింద నీళ్లు చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. నిండిందనిపించగానే రెండు చేతులా పైకి లాగి డెక్కు పలకల వెంబడి కుమ్మరించండి. మీ పక్కనున్న పెద్దావిడ, ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పినావిడ, పొడవాటి బ్రష్షుతో ఆ నీళ్లను పలకల సందుల్లోకి తోస్తుంది. మళ్లీ దించండి. డెక్కు ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిసేవరకూ ఇదే పని.

మీరు కడప జిల్లా వేంపల్లె నుంచి వచ్చారు కాబట్టి ఈపాటికి మీకొక అనుమానం వచ్చి ఉండాలి. చెక్క మీద రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోదా? పాపఘ్ని ఏటిలో ఇసుక తోడి చెలమ నీళ్లు ముంచుకున్న ఊరు మనది. వాకిలి తలుపు మీద వాన జల్లు పడితే గోనెపట్ట అడ్డం కట్టిన ఇళ్లు మనవి. ఇక్కడ లెక్క వేరు. మీరు పోస్తున్నవి ఉప్పునీళ్లు. చెక్కను తినే బూజుకు ఉప్పు గిట్టదు, మంచినీళ్లు దొరికితే మాత్రం కమ్మగా పెరుగుతుంది. అందుకే చెక్క ఓడకు సముద్రం కన్నా వానతోనే ఎక్కువ ప్రమాదం. డెక్కు మీద పడ్డ వాన సందులోంచి దిగి, కింద దూలం మీద నిలిచి, ఎవరి కంటా పడని చోట ఆ దూలాన్ని మెల్లగా పిండి చేస్తుంది. ఉప్పునీళ్లు పోస్తే బూజు అణుగుతుంది, పలకలు ఉబ్బి సందులు బిగుస్తాయి. పోయకుండా ఎండకు వదిలేస్తే పలకలు ముడుచుకుంటాయి. ఆ తర్వాత వచ్చే మొదటి వాన నేరుగా లోపలికే. వాన కోసం కప్పలకు పెళ్లి చేసే సీమలో పెరిగినవాణ్ని నేను. వాన నుంచి కాపాడుకోవాల్సింది ఒకటి ఉందని నాకు నేర్పింది ఈ డెక్కే.

ఇప్పుడు తలెత్తి చూడండి. ఇది శాన్‌ఫ్రాన్సిస్కో, హైడ్ స్ట్రీట్ పియర్. కోవిడ్‌కు ముందటి ఒక శనివారం, పొద్దున తొమ్మిది కావస్తోంది. వెనక కొండ మీంచి కేబుల్ కారు గంట వినబడుతోంది. పడమటి వైపు గోల్డెన్ గేట్ వంతెన అడుగు భాగమే కనబడుతోంది, పైదంతా మంచులో ఉంది. మనం నిలబడ్డ ఓడ పేరు అల్మా. 1891లో ఈ ఊళ్లోనే, హంటర్స్ పాయింట్ దగ్గర, ఫ్రెడ్ సీమర్ అనే ఓడల మేస్త్రి తన ఇంటి ముంగిటి రేవులో దీన్ని కట్టాడు. అల్లుడు జేమ్స్ పీటర్సన్ కోసం కట్టి, మనవరాలి పేరు పెట్టాడు. పొడవు 59 అడుగులు, వెడల్పు 22 అడుగుల పైచిలుకు, లోతు 4 అడుగులే. రెండు కొయ్యలు, వాటికి ఓడ పొడవు వెంబడి కట్టిన తెరచాపలు. ఇలాంటి దాన్ని స్కూనర్ అంటారు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఇది స్కౌ స్కూనర్. ఈ అఖాతంలో ఒకప్పుడు వందల కొద్దీ తిరిగిన ఈ జాతి ఓడల్లో ఇప్పటికీ నీళ్ల మీద ఉన్నది ఇదొక్కటే.

పక్కన మూడు కొయ్యలతో నిలబడ్డ పెద్ద ఓడ బల్‌క్లూథా. 1886లో స్కాట్లండ్‌లో కట్టారు. కేప్ హార్న్‌ను 17 సార్లు చుట్టింది, రంగూన్ నుంచి బియ్యం మోసింది. ఆ కాలంలో రంగూన్ రేవులో బస్తాలు ఎత్తి దించింది ఎక్కువగా తెలుగు కూలీలు. కోరంగి రేవు నుంచి పోయారని అక్కడ వాళ్లను కోరంగీలనే పిలిచారు. బల్‌క్లూథా కింది అరలో నిలబడినప్పుడల్లా ఆ బస్తాల కింద వంగిన మనవాళ్ల వీపులు నాకు గుర్తొస్తాయి. అయినా మన పని ఈ చిన్నదానితోనే. పెద్ద ఓడను చూడ్డానికి జనం వస్తారు. అల్మా నడుస్తుంది.

బయల్దేరే ముందు కిందికి దిగి చూడాలి. తల కాచుకోండి. మీరేం పొడుగు కాకపోయినా ఇక్కడ నడుం వంచాల్సిందే. టార్చి వెయ్యండి. ముక్కుకు ముందు తగిలేది తారు వాసన, తర్వాత పాత జనుము వాసన, ఆ వెనక ఉప్పు. అడుగున పలకలు చూశారా? మామూలు ఓడలో అడుగు పలకలు ముక్కు నుంచి తోక దాకా పొడవునా సాగుతాయి. అల్మాకు అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకు వేశారు. పొట్టి కొయ్యలు సరిపోతాయి, వంచే బాధ లేదు, ఒకటి పాడైతే దాన్నొక్కదాన్నే తీసి వేరేది వేసుకోవచ్చు. సీమర్ మేస్త్రి ఖర్చు తగ్గించుకోవడానికి చేశాడో, పని తెలిసి చేశాడో, రెండూ కలిసిన తెలివి అది. పలకకూ పలకకూ మధ్య వేలు పెట్టి తడమండి. మెత్తగా తగిలేది తారులో నానబెట్టిన జనుపపీచు. దాన్ని పేని, సందులో పెట్టి, మొద్దుమొన ఇనుప ఉలితో, చెక్క సుత్తితో కూరుతారు. పని వచ్చినవాళ్లకు ఆ సుత్తి మోతే చెప్పేస్తుంది. పీచు బాగా బిగిస్తే మోత ఖంగుమంటుంది, లోపల పుచ్చు ఉంటే మొద్దుగా వినిపిస్తుంది. చలికాలంలో ఓడను ఒడ్డుకెక్కించినప్పుడు ఆ మోతలు వింటూ కూర్చోవడం నాకు కచేరీ.

నీళ్ల కింద ఉండే భాగానికి శత్రువు ఇంకొకటి. మన వైపు చెద ఎలాగో, ఈ ఉప్పునీళ్లలో ఓడపురుగు అలాగ. చూడ్డానికి పురుగులా ఉన్నా నిజానికి అది గుల్ల జాతి జీవి. గుండుసూది మొనంత బెజ్జంతో దూరి లోపల వేలంత సొరంగం తవ్వుతుంది. పైకి పలక నున్నగానే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. 1919, 1920 సంవత్సరాల్లో ఇదే అఖాతం ఉత్తరపు కొసన రేవులకు రేవులే ఈ పురుగు వల్ల కూలిపోయాయి. అందుకే ఓడను అప్పుడప్పుడూ పైకి తీసి, అడుగంతా గీకి, విషపు రంగు పూయడం తప్పదు. ఆ రంగు వెలిసిపోయిందంటే పురుగుకు తలుపు తీసినట్టే.

మీరు పైకి రండి. నా ఫోను మోగుతోంది. వేంపల్లెలో ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, పెదనాయన నిద్రపోయే ముందు చేస్తాడు. చిన్నప్పటి నుంచీ బాడిసె పట్టిన చెయ్యి ఆయనది, ఎద్దులబండి చక్రాలు చేసేవాడు.

“యాడుండావు నాయనా?”

“పడవ కాడుండా పెదనాయనా.”

“మళ్లీ పడవేనా! జీతమేమన్నా ఇస్తారా వాళ్లు?”

“ఇయ్యరు. శనారం పూట పోయి చేసొస్తాం, అంతే. నా మాదిరే ఇంకా శానామంది వస్తారు.”

కాసేపు మాట లేదు. ఆయన ఆలోచిస్తున్నది జీతం గురించి కాదని నాకు తెలుసు.

“యా కొయ్య?”

“ఈ పక్క కొండల్లో పెరిగేది. ఫర్ అంటారు.”

“చేవదేనా?”

“పాత పలకలన్నీ చేవవే.”

“అయితే ఇను. కొయ్య నిలబడల్లంటే రెండే దావలు. ఎప్పుడూ తడిలోనే ఉండల్ల, లేకుంటే ఎప్పుడూ ఆరే ఉండల్ల. తడిసి ఆరి, తడిసి ఆరి ఉండే కాడ పుచ్చిపోతాది. మన కపిల బావి గిలక దూలం అట్లనే పోయింది. నీటిమట్టం కాడ చూసుకో నాయనా.”

సముద్రం ఎన్నడూ చూడని మనిషి. నీటిమట్టం దగ్గరి పలకల గురించే ఇక్కడి మేస్త్రులు కూడా ఎక్కువ మాట్లాడతారు.

ఇక కట్లు విప్పుతాం. కెప్టెన్ ఒక్కరే జాతీయ పార్కుల శాఖ ఉద్యోగి. మిగిలిన మనమంతా ఊరికే వచ్చినవాళ్లం. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన నర్సు ఉంది, బస్సులు బాగుచేసిన మెకానిక్కు ఉన్నాడు, కాలేజీ పిల్లలిద్దరు ఉన్నారు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివి, వారమంతా స్క్రీను ముందు కూర్చునే నేనూ ఉన్నాను. కాసేపు ఇంజను మీద వెనక్కి జరిగి రేవు దాటుతాం. ఇంజను మొదట్లో లేదు, ఇప్పుడున్నది రేవులో ఇతర ఓడలకు తగలకుండా ఉండటానికి. పాతరోజుల్లో ఈ స్కౌలను ఇద్దరు ముగ్గురే నడిపేవారు. గాలి లేని వాగుల్లో గెడ వేసి తోసేవారు.

ఇప్పుడు వెనక చాప ఎత్తాలి. రండి, ఈ మోకు పట్టుకోండి. చాప పైఅంచును మోసే అడ్డకొయ్యకు రెండు మోకులు ఉంటాయి. పెద్ద కొయ్యను ఆనుకున్న కొసను ఎత్తేది థ్రోట్, గాలిలో ఉన్న కొసను ఎత్తేది పీక్. రెండు జట్లుగా నిలబడి రెండూ సమంగా లాగాలి. ఒక జట్టు ముందుపడితే అడ్డకొయ్య వంకరపోయి ఇరుక్కుంటుంది. మీరు థ్రోట్ జట్టులో ఉన్నారు. చేతులు కాదు, ఒంటి బరువు వాడండి. మోకాళ్లు వంచి వెనక్కి వాలండి. చేయి మీద చేయి. గిలకలు కిర్రుమంటాయి, మీ తల మీద బరువైన గుడ్డ మడత మడతగా విచ్చుకుంటుంది. మొదటి పది బారలు తేలిక. తర్వాత గుడ్డ బరువంతా మీ అరచేతుల్లోకి వస్తుంది. ఊపిరి వదులుతూ లాగండి. ఆగండి, థ్రోట్ అందింది. ఇప్పుడు చివరి జానెడు చాలా గట్టిది. ఒకరు మోకును పక్కకు విల్లులా గుంజితే, వదిలిన క్షణంలో కింద ఇంకొకరు ఆ వదులును మోకు కట్టే పిన్ను చుట్టూ తిప్పి పట్టేస్తారు. మళ్లీ గుంజు, మళ్లీ పట్టు. పీక్ జట్టు ఇంకా లాగుతోంది. చాప మీద పైమూల నుంచి కిందిమూలకు ఏటవాలుగా ముడతలు పడేదాకా లాగాలి. గాలి నిండగానే ఆ ముడతలు పోతాయి. మోకును పిన్నుకు ఎనిమిది అంకెలా చుట్టి, మిగిలిన తాడు చుట్టచుట్టి తగిలించండి. ఆ చుట్ట ఎప్పుడైనా, చీకట్లోనైనా, చిక్కుపడకుండా జారాలి. ఈ ఓడలో నేర్చుకునే మొదటి మర్యాద అదే. మీ తర్వాత వచ్చి తాడు విప్పేవాళ్లు ఎవరో మీకు తెలియదు. వాళ్ల ప్రాణం ఆ చుట్ట మీద ఉండవచ్చు.

ముందు చాప, ముక్కు చాప కూడా ఎక్కాయి. ఇంజను ఆగింది. ఇంతసేపూ పాదాల కింద ఉన్న వణుకు పోయి, దాని బదులు నీళ్లు పలకలను రాసుకుపోయే చప్పుడు వస్తుంది. మధ్యపలక దించమని కెప్టెన్ కేక. బల్లపరుపు అడుగుకు నీటిలో పట్టు ఉండదు, గాలి పక్కకు నెట్టేస్తుంది. ఓడ నడుమ పెట్టెలాంటి గూట్లోంచి వెడల్పాటి పలకను నీళ్లలోకి దించితే ఆ జారుడు తగ్గుతుంది. ఇసుకమేట వచ్చిందంటే పలక పైకెత్తుకుని, లోతు తక్కువ నీళ్లలోనూ పాక్కుంటూ పోవచ్చు.

మధ్యాహ్నానికి గాలి పెరిగింది చూడండి. దీని పుట్టుక మనకు బాగా అర్థమయ్యే సంగతి. ఈ కొండల అవతల, తూర్పున, కాలిఫోర్నియా నడి లోయ ఉంది. వేసవిలో అక్కడ మన కడప ఎండలే. కాలిన గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి పసిఫిక్ చల్లగాలి తోసుకొస్తుంది. తీరం పొడవునా కొండలే కాబట్టి దానికి దొరికిన పెద్ద వాకిలి గోల్డెన్ గేట్ ఒక్కటే. ఎండ ఎంత మండితే ఇక్కడ గాలి అంత గట్టిగా కొడుతుంది. పైగా ఇప్పుడు ఆటు. అఖాతంలోని నీళ్లన్నీ అదే వాకిలి గుండా బయటికి పోతున్నాయి. గాలి లోపలికి, నీళ్లు బయటికి. రెండూ ఎదురుపడ్డ చోట అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. అవిగో, ముక్కు మీద పగిలి మీ మొహాన కొట్టాయి. పట్టుకోండి, గాలి వచ్చే పక్కన ఉండండి.

“రెడీ అబౌట్!” అని వెనక నుంచి కేక. మనం ఎదురుగాలిలోకి పోవాలి. చాప ఓడ నేరుగా ఎదురు పోలేదు కనుక ఇటొక కోణం, అటొక కోణం వేస్తూ మెట్లెక్కాలి. మీరు ముక్కు చాప తాడు దగ్గర నిలబడి “రెడీ” అనండి. చుక్కాని తిరిగింది. ఓడ గాలికి మొహం పెట్టింది. చాపలన్నీ ఒక్కసారిగా దడదడ కొట్టుకుంటాయి, అది చూసి బెదరొద్దు. బరువైన ఓడ, వెడల్పాటి ముక్కు, తిరగడానికి తీరిక కావాలి. ముక్కు చాప వెనక్కి నిండి ఓడను అటు తోసేదాకా మీ తాడు వదలకండి. ఇప్పుడు వదలండి! అవతలి పక్క వాళ్లు లాగేస్తారు. చాపలు మళ్లీ నిండాయి. మోతంతా ఆగిపోయింది. నర్సు మీ భుజం తట్టి నీళ్ల సీసా అందిస్తోంది.

ఆల్కట్రాజ్ దాటాం. అదిగో ఆ పచ్చటి కొండ ఏంజెల్ ఐలండ్. 1910 నుంచి 1940 దాకా అక్కడ వలస తనిఖీ కేంద్రం ఉండేది. ఆసియా నుంచి వచ్చినవాళ్లను కొందరిని రోజులు, కొందరిని నెలల తరబడి అక్కడ ఆపి ఉంచారు. వాళ్లలో మన దేశం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆ కిటికీల్లోంచి చూసిన నీళ్ల మీద ఇలాంటి స్కౌలు చాపలెత్తి పోతూనే ఉండి ఉంటాయి. మిల్పిటాస్‌లో ఇల్లు కొనుక్కున్న మనబోటి వాళ్లం ఆ కొండ ముందు కాసేపు మాటాడకుండా ఉండటం సబబు.

దీవి చాటున గాలి తగ్గింది. రొట్టెలు, పండ్లు పంచుతున్నారు, తినండి. తింటూ ఈ డెక్కు మీద ఒకప్పుడు ఏముండేదో వినండి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఒకప్పుడు గుర్రాల మీద నడిచింది. బండ్లన్నిటికీ గుర్రాలే. వాటి మేత పండేది అఖాతం చుట్టూ ఉన్న పల్లెల్లో, ఇరుకు వాగుల వెంబడి. పోటు మీద స్కౌ వాగులోకి దూరేది. ఆటుకు నీళ్లు తీసేస్తే బురద మీద చక్కగా చతికిలబడేది. బండ్లు పక్కకే వచ్చి ఎండుగడ్డి కట్టలు పేర్చేవి. గుట్ట ఎంతెత్తు లేచేదంటే చాపల కింది భాగం పైకి ముడవాల్సి వచ్చేది. చుక్కాని పట్టినవాడికి దారి కనపడాలి కాబట్టి అతని చక్రానికి గుట్టకు సరిపడా ఎత్తున ఒక అరుగు కట్టేవారు. మన వరిగడ్డి బండి ఎలా వస్తుందో గుర్తు తెచ్చుకోండి. ఎద్దులు కనపడవు, చక్రాలు కనపడవు, పైన పగ్గాలు పట్టుకున్న మనిషొక్కడే ఆకాశంలో తేలుతూ వస్తాడు. అదే నీళ్ల మీద వచ్చేదన్నమాట.

మోటారు లారీలు వచ్చాక గుర్రాలు పోయాయి, గుర్రాలతో గడ్డి, గడ్డితో స్కౌలు. 1918లో అల్మా కొయ్యలు పీకేసి బార్జిగా వాడుకున్నారు. 1926లో ఇంజను పెట్టి, అడుగునున్న ముత్యపుచిప్పల జాతి గుల్లలు తవ్వి తీసే పనికి దించారు. ఆ గుల్లల పొడి కోళ్ల మేతలోకి పోయేది, గుడ్డు పెంకు గట్టిపడటానికి. 1957 దాకా ఆ పని చేసి ఆల్విసో బురదలో పడి ఉంది. ఆల్విసో మనవాళ్లకు తెలిసిన చోటే. శానోజేకు ఉత్తరపు కొస, మిల్పిటాస్‌కు పక్కనే. ఇవాళ ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో ప్రతి అంతస్తులోనూ తెలుగు వినపడుతుంది. 1959లో కాలిఫోర్నియా ప్రభుత్వం కొని లాక్కొచ్చింది. 1964లో బాగుచేయడం మొదలుపెట్టారు, కొయ్యలు మళ్లీ నిలబెట్టారు. 1978లో జాతీయ పార్కుల శాఖ చేతికి వచ్చింది, 1988లో జాతీయ చారిత్రక చిహ్నమైంది.

చిహ్నమని పలక కొట్టినంత మాత్రాన పలకలు పుచ్చకుండా ఉండవు. రేవులో మన పక్కనే ఉండే సి.ఎ. థేయర్ సంగతి చూడండి. 1895 నాటి మూడు కొయ్యల కలప స్కూనర్. అది కూడా చారిత్రక చిహ్నమే. ఏళ్ల తరబడి కట్టుకొయ్యకు కట్టి ఉంచితే వానే దాన్ని తినేసింది. 2004 నుంచి 2007 దాకా కొయ్యలో అధిక భాగం మార్చి మళ్లీ కట్టాల్సి వచ్చింది. నడిచే ఓడను మనుషులు వారం వారం తడుముతుంటారు. ఏ తాడు అరిగింది, ఏ పలక కింద నీరు చెమ్మగిల్లింది, ఎక్కడ రంగు పొక్కింది, ఎవరి కంటో ఒకరి కంట పడుతుంది. నిలబెట్టి చూపించే ఓడ దగ్గరికి అందరూ కళ్లతోనే వస్తారు. అందుకే ఓడను కాపాడాలంటే తెరచాప ఎత్తి నడపాలని నేను గట్టిగా నమ్ముతాను.

మనకు ఇది తెలియని విద్యేమీ కాదు. పోరుమామిళ్ల చెరువు శాసనం కడప జిల్లాలోనే ఉంది. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యి మంది మనుషులు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనం చెబుతుంది. కట్టడం ఒక ఎత్తు. కట్ట తెగకుండా, తూము పూడకుండా ఏటేటా చూసుకోవడానికి సీమలో దశబంధం మాన్యాలు ఇచ్చారు. చెరువు బాగు చూసుకునేవాడికి భూమి. కట్టినవాడికి పేరు, కాపాడేవాడికి చేను. ఆ ఏర్పాటు నిలిచినంత కాలం చెరువులు నిలిచాయి, పోయాక పూడిపోయాయి. ఇక మన సముద్ర తీరం. యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో, పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగిలో, తాళ్లరేవులో ఓడలు కట్టిన మేస్త్రులు ఉన్నారు. 1839 నవంబరు తుఫాను కోరంగిని ఊడ్చేసింది. ఆవిరి ఓడలు మిగిలిన పని లాగేసుకున్నాయి. ఆనాటి కోరంగి ఓడల్లో ఇవాళ మనం ఎక్కి, తాడు పట్టుకుని, చాప ఎత్తగలిగింది ఒక్కటీ లేదు. ఎవరి గొప్పో చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. ఆ మేస్త్రి బాడిసె దెబ్బ ఎలా వేశాడో, పీచు ఏ నూనెలో నానబెట్టాడో చేత్తో తెలుసుకునే దారి లేకుండా పోయింది. పుస్తకం ఆ పని చేయలేదు. ఇక్కడ ఒక అమెరికా మేస్త్రి 1891లో అడ్డంగా వేసిన పలకను వేంపల్లెవాడు ఇవాళ తడిమి చూడగలుగుతున్నాడంటే, మధ్యలో ఎంతోమంది శనివారాలు ఇచ్చారు.

తిరుగుదాం. ఇప్పుడు గాలి వెనక నుంచి. చాపలు బయటికి వదిలితే ఓడ ఊగుతూ హాయిగా పోతుంది, చలి కూడా తెలియదు. అయినా ఈ నడకలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. గాలి ఒక్కసారి అవతలి పక్కకు మారితే చాప కింది దుంగ డెక్కంతా ఊడ్చుకుంటూ ఇటు నుంచి అటు పోతుంది. తల దించి నడవండి. పిల్లల్లో ఒకరు ఆ దుంగను ముందువైపుకు తాడుతో కట్టి బిగించారు, చూశారా? ఎవరూ చెప్పకుండానే కట్టారు. కెప్టెన్ ఏమీ అనలేదు, తల ఊపారంతే.

రేవు దగ్గర పడుతోంది. మధ్యపలక ఎత్తండి. ముందు ముక్కు చాప, తర్వాత ముందు చాప, చివరికి వెనకది. ఎత్తేటప్పుడు ఎంత బలం కావాలో దించేటప్పుడు అంత నిదానం కావాలి. మోకును పిన్ను మీద ఒక చుట్టు ఉంచే వదలండి, లేకపోతే అరచేతి తోలు ఊడివస్తుంది. గుడ్డను దుంగ మీద మడతలుగా పేర్చి కట్టేయాలి. మడతల్లో నీళ్లు నిలవకూడదు, రాత్రి మంచు కూడా మంచినీళ్లే. కట్టుతాళ్లు వేశారు. ఒకరు కిందికి దిగి అడుగున చేరిన నీటి మట్టం కొలిచి పుస్తకంలో రాశారు. పొద్దున రాసిన అంకె పక్కనే. వెనక కొయ్య దగ్గర, నీటిమట్టానికి కాస్త పైన, ఒక పలక మీద నేను సుద్దముక్కతో గీత పెట్టాను. తట్టితే మోత కొంచెం మొద్దుగా ఉంది. మేస్త్రి వచ్చి చూస్తారు.

వచ్చే శనివారం కొయ్యలను నిలబెట్టి ఉంచే మోకులకు తారు పూయాలి. పైన్ జాతి చెట్ల నుంచి తీసే తారు, వెచ్చబెట్టి గుడ్డతో పట్టించాలి. పాత బట్టలు వేసుకుని ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గరికి రండి. ఉంగరాలుంటే ఇంట్లో తీసేసి రండి. పని మొదలుపెట్టే ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకోండి, తారు తేలిగ్గా వదులుతుంది.